తెల్లకనుమ మీద ముగ్గురు

ఆ పొద్దున వీపుసంచి తగిలించుకోగానే తోర్గున్‌కు ప్రాణం లేచొచ్చింది. సంచి దూదిపింజలా వచ్చి భుజాలమీద కూర్చుంది. పోయిన శరత్కాలంలో ఆసుపత్రి మంచం దిగి కిటికీ దాకా నడవడానికి గోడ పట్టుకున్న మనిషి తను. ఇప్పుడు చూడు, కొండ దాటడానికి కావలసిన సరంజామా అంతా వీపున వేసుకున్నా బరువే తెలియడం లేదు. ఒంట్లో సత్తువ తిరిగొచ్చిందనుకుంది. డాక్టర్లదేముంది, వాళ్ల భయాలు వాళ్లవి.

"ఏమే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అంది రాగ్నా. ఆమె విడిది అరుగుమీద వంగి కూర్చుని స్కీలకు మైనం రుద్దుతోంది.

"ఏం లేదు. ఎండ బాగుంది."

"నీకోసం నేనే కబురంపి రప్పించాను ఎండని. ఇటు తే నీ స్కీలు. వాటికీ రుద్దేస్తాను."

"నావి నేను రుద్దుకోగలను. అసలు నీకు మైనం రుద్దడం నేర్పిందెవరు?"

"నేర్పావులే తల్లీ. నేర్పిన దగ్గర్నుంచీ ఏటా దెప్పుతూనే ఉన్నావు."

పక్కనే నిలబడి జడ అల్లుకుంటున్న సిగ్నీ నవ్వింది కానీ ఏమీ అనలేదు. సిగ్నీ మాటల మనిషి కాదు. ఆమె మాట్లాడవలసిందంతా ఫిడేలే మాట్లాడేది. వాళ్ల ఊరు స్కోగ్లిలో సిగ్నీ ఫిడేలు లేకుండా పెళ్లి జరిగేది కాదు, శవం లేచేది కాదు. తోర్గున్ అదే ఊళ్లో బడి పిల్లలకు ఆటలూ స్కీయింగూ నేర్పి రిటైరయింది. రాగ్నా మందుల షాపు నడిపి, కళ్లు మసకబారాక అమ్మేసింది. ముగ్గురూ పడుచుపిల్లలుగా ఉన్నప్పటి నుంచీ ఒక అలవాటు పెట్టుకున్నారు. ఈస్టరు ముందు వారం బస్సెక్కి కొండ చుట్టూ తిరిగి అవతలి లోయకు వస్తారు. రాత్రికి అక్కడి విడిదిలో పడుకుని, తెల్లారి స్కీలు తొడుక్కుని, తెల్లకనుమ మీదుగా పొద్దుగుంకే వేళకు సొంత ఊళ్లోకి దిగుతారు. ఒకప్పుడు పెద్ద గుంపే ఉండేది. మొగుళ్లు వచ్చేవాళ్లు, తోబుట్టువులు వచ్చేవాళ్లు. కొందరికి మోకాళ్లు పోయాయి, కొందరు మనుషులే పోయారు. చివరికి ఈ ముగ్గురే మిగిలారు.

ఎంతమంది ఉన్నా, ఎవరు ఉన్నా, ముందు నడిచేది మాత్రం తోర్గున్. కొత్త మంచులో దారి తొక్కేది ఆమె. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు లేవాలో చెప్పేదీ ఆమె. అందరికీ పనికొచ్చే ఎర్రసంచి కూడా ఆమె వీపునే ఉండేది. మంచు తుఫాను ముంచుకొస్తే ముగ్గురూ దూరి కూర్చునే గుడ్డ గుడారం, అదనపు గ్లౌజులు, తాడు, అన్నీ అందులోనే.

శరత్కాలంలో కట్టెలు పేరుస్తూ పేరుస్తూ ఆమె కుప్పకూలింది. గుండెపోటు. బతికి బయటపడ్డాక డాక్టరు రెండు మాటలు చెప్పాడు. చదును నేలమీద ఎంత నడిస్తే అంత మంచిది, కొండలు మాత్రం ఈ ఏడు ఎక్కొద్దు. తోర్గున్ స్నేహితురాళ్లకు మొదటి మాట చెప్పింది. రెండోది మింగేసింది.

ఆ పొద్దున బయల్దేరేటప్పుడు మామూలుగా ఆమె ముందుకు నడవబోయింది. అప్పటికే రాగ్నా ముందుంది.

"ఇవాళ నేను తొక్కుతాలే దారి. ఎప్పుడూ నువ్వేనా?"

"నీకు తిన్నగా నడవడం రాదు. పాములా వంకర్లు పోతావు."

"పోతే పోయాను. వంకర దారిలో నడిస్తే నీ కాళ్లేమీ అరిగిపోవు."

తోర్గున్ ఊరుకుంది. రాగ్నా ముందు, తను మధ్య, సిగ్నీ వెనక. సంతకు తోలుకెళ్లే ఆవులా మధ్యన పెట్టారే అని ఒక్కక్షణం మనసు చివుక్కుమంది. కానీ మంచు ఆ పూట అంత బాగుంది. రాత్రి గడ్డకట్టిన పొరమీద పలచగా కొత్త మంచు పడి, స్కీ కింద పట్టు దొరుకుతోంది, జారుడూ దొరుకుతోంది. పొట్టి బిర్చి చెట్లు వెనకబడ్డాయి. ఆపైన చెట్టన్నది లేదు. కంటికానినంత మేరా తెలుపు, దారి తప్పకుండా వరసగా నాటిన కొమ్మలు, పైన నీలం ఆకాశం. ఈ ఒక్కరోజు కోసమే కదా చలికాలమంతా మాత్రలు మింగింది, అనుకుంది.

కాసేపటికి ఒక సంగతి ఆమె కళ్లబడింది. ఆగుతున్నారు. మాటిమాటికీ ఆగుతున్నారు. రాగ్నాకు బూటు తాడు ఊడింది. సిగ్నీకి ఫోటో తీసుకోవాలనిపించింది. మళ్లీ రాగ్నాకు దాహం. ఆగిన ప్రతిసారీ ఇద్దరూ తన ముఖంలోకి చూసి చూపు తిప్పుకుంటున్నారు.

"నీ బూటు తాడుకి ఇవాళ ఏమొచ్చిందే?" అడిగింది తోర్గున్.

"వయసొచ్చింది," అంది రాగ్నా.

నారింజలు ఒలుచుకుని తిన్నారు. తొక్కలు మంచుమీద పడేయకుండా సిగ్నీ ఏరి జేబులో వేసుకుంది. తోర్గున్ ఎండకు ముఖమెత్తి కళ్లు మూసుకుంది. అనుమానాన్నీ అలాగే మూసేసుకుంది.

నడిమి విడిది చేరేసరికి మధ్యాహ్నమైంది. గోడవారన కట్టెల దొంతి, పొగగొట్టంలోంచి పొగ, లోపలినుంచి వాఫిల్సు అట్లు కాలుతున్న వాసన. వాకిట్లో ఒక మంచు స్కూటర్ ఆగి ఉంది. దానిమీద కూర్చున్న మనిషి వీళ్లను చూసి టోపీ తీసి లేచాడు. ఐవిన్ అని, స్కోగ్లి వాడే. ఈ విడిదికి కట్టెలూ సరుకులూ చేరవేస్తుంటాడు. చిన్నప్పుడు తోర్గున్ దగ్గర స్కీ నేర్చుకున్నవాడు.

"టీచర్! భలే వచ్చేశారే! ఇంకా ఓ గంట పడుతుందనుకున్నాను."

"నువ్వేంట్రా ఇక్కడ? సరుకులు తెచ్చావా?"

"సరుకులు నిన్ననే తెచ్చేశాను. ఇవాళ మీకోసమే." నవ్వుతూ వెనక సీటు తట్టాడు. "రెయిండీరు తోలు పరిచాను, వెచ్చగా ఉంటుంది. కనుమ ఎక్కేటప్పుడు కాస్త గట్టిగా పట్టుకుంటే చాలు."

రాగ్నా అతని వంక కళ్లు పెద్దవి చేసి చూసింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"నాకోసమా?" అంది తోర్గున్.

ఐవిన్ టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. "అంటే... మీకు చెప్పారనుకున్నాను టీచర్."

తోర్గున్ నెమ్మదిగా రాగ్నా వైపు తిరిగింది. "ఏమిటిది?"

"ముందు లోపలికి పద. వాఫిల్సు తింటూ మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పు."

"సరే, ఇక్కడే చెబుతాను." రాగ్నా చేతికర్రలు మంచులో కసుక్కున గుచ్చింది. "నీ కూతురు ఓడ్నీ నాకు ఫోన్ చేసింది. డాక్టరు కొండ ఎక్కొద్దన్నాడట కదా? మాతో ఏమన్నావు? 'డాక్టరు నడవమన్నాడు' అన్నావు. మందులమ్మిన దాన్ని నేను. నువ్వు మింగే మాత్రలేమిటో నాకు తెలీదనుకున్నావా? రావద్దంటే నువ్వు ఊరుకోవు. అందుకని సగం దాకా నడిపించి, మిగతా సగం బండిమీద పంపుదామనుకున్నాం."

"అనుకున్నారు. నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట. వీడికి కూడా."

ఐవిన్ బూట్ల వంక చూసుకున్నాడు.

"అందుకేనా నా సంచి ఇంత తేలిగ్గా ఉంది?" ఆ మాట అనేదాకా తోర్గున్‌కే ఆ సంగతి తట్టలేదు. పొద్దుటి సంతోషమంతా ఎవరో మూటకట్టి పట్టుకుపోయినట్టయింది. "నా సంచిలోంచి తీశారా?"

"బరువు తీశాం. రెండో ఫ్లాస్కు, స్వెట్టరు, అవీ ఇవీ. బస్సు సామానులో వేసి పంపించాం."

"అడక్కుండా."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. అందుకే అడగాలి." "చంటిపిల్ల చేతిలోంచి చాకు లాక్కున్నట్టు... మీకు దారి చూపించిన దాన్నే నేను!"

"వెనక్కి తిరగడంలో సిగ్గు లేదు. బడిలో ప్రతి పిల్లాడి చేతా ఈ ముక్క వల్లె వేయించిందెవరు? నువ్వు కాదూ? అడుగు, ఐవిన్‌నే అడుగు!"

"తిరగడం వేరు రాగ్నా. తిప్పి పంపడం వేరు."

ఐవిన్ గొంతు సవరించుకున్నాడు. "టీచర్, కోపం మీది, తిడితే పడతాను. కానీ పడమర చూడండి. సాయంత్రానికి గాలి లేస్తుందని రేడియోలో కూడా చెప్పారు. రండి, పోదాం."

పడమటి శిఖరంమీద బూడిదరంగు గుడ్డముక్కలాంటి మబ్బు ఆరేసినట్టుంది. తోర్గున్ చూసింది. ఆ మబ్బు ఏమిటో అక్కడున్న వాళ్లందరికంటే ఆమెకు బాగా తెలుసు. వేరే రోజైతే ఆమే ముందుండి, ఇవాళ ఇక్కడే పడుకుందాం, రేపు చూద్దాం అని ఉండేది. కానీ ఇవాళ ఆ మాట అంటే, బండెక్కినట్టే అనిపించింది.

"నువ్వు పోరా నాయనా. నీ తోలు ఎవరైనా ముసలమ్మకు పరుచు."

వాఫిల్సు తినలేదు. ఆగనూ లేదు. ముందుకు నడిచి, కనుమ వైపు నాటిన మొదటి కొమ్మను దాటేసింది. రాగ్నా తల పట్టుకుంది. "దీని పంతం కాకులెత్తుకుపోనూ! సిగ్నీ, నువ్వైనా చెప్పవే!"

సిగ్నీ అప్పటికే స్కీలు బిగించుకుంటోంది. "ఒక్కదాన్నే పోనిస్తామా?" అంది. అంతే.

అలా ఆ ఒక్క మాటతో ముగ్గురూ బయల్దేరారు. కోపంలో ఎవరూ సంచులు విప్పి చూసుకోలేదు. ఏం పోయింది, ఏం మిగిలింది అని అడిగిన వాళ్లు లేరు.

మొదటి గంట తోర్గున్ గుర్రంలా పోయింది. కర్రలు ఎంత బలంగా గుచ్చిందంటే వెనక వాళ్లకు ఆ చప్పుడు వినిపించింది. చూడండి, చూసి నేర్చుకోండి అనుకుంటూ పోయింది. కనుమ ఎక్కుడు మొదలయ్యాక మొదట మోకాళ్లు బరువెక్కాయి. తర్వాత ఊపిరి సగం దాకే వస్తున్నట్టనిపించింది. తర్వాత రెండు అడుగులకోసారి ఆగవలసి వచ్చింది. అప్పుడే గాలి లేచింది. ముందు నేలబారున పాము పాకినట్టు మంచు పాకింది. కాసేపటికి మోకాళ్ల దాకా, ఆపైన నడుము దాకా లేచింది. చివరికి ఆకాశమేదో నేలేదో తెలియని ఒకటే తెల్లటి రొద.

రాగ్నా ఆమెను దాటి ముందుకొచ్చింది. ఈసారి తోర్గున్ ఏమీ అనలేదు.

"కొమ్మ నుంచి కొమ్మకు!" అని రాగ్నా అరిచింది. "నేను ముందు కొమ్మ దొరకబుచ్చుకుని కేకేస్తాను. కేక వినపడ్డాకే కదలండి!"

కనుమ నెత్తికి కాస్త దిగువన తోర్గున్ ఛాతీలో ఎవరో పిడికిలి బిగించారు. నాలుక కింద పెట్టుకునే మాత్ర లోపలి జేబులో ఉంది. ఎడమ గ్లౌజు పళ్లతో లాగి చంకలో ఇరికించుకుంది. జిప్పు లాగి, మాత్ర తీసి నోట్లో వేసుకునే లోపల చెయ్యి కాస్త పైకి లేచింది. గ్లౌజు జారింది. గాలి దాన్ని ఒక్క విసురున ఎత్తుకుపోయింది. నల్లటి పక్షిలా ఒక్కసారి కనిపించి, మరి కనిపించలేదు.

"ఎర్రసంచి!" అంది సిగ్నీ. "అందులో ఉన్నాయిగా గ్లౌజులు." ఆమే తోర్గున్ వీపుసంచి విప్పి అడుగుదాకా చెయ్యి పెట్టింది. లేదు. "రాగ్నా! ఎర్రసంచి నీ దగ్గరుందా?"

రాగ్నా కొమ్మ పట్టుకుని నిలబడిన చోటినుంచి నాలుగడుగులు వెనక్కొచ్చింది. మంచు పేరుకున్న ఆమె ముఖంలో నోరు మాత్రం కనిపించింది. "సిగ్నీ, నీ దగ్గరే కదా! పొద్దున బెంచీమీద పెట్టాను. దానికి బరువు కదా, నువ్వు తీసుకుంటావని..."

"నాకు చెప్పలేదే!"

"బెంచీమీద పెట్టానే..."

బెంచీమీద ఉన్నవన్నీ బస్సుకు ఎక్కించేశారు. గాలిలో ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుడారం లేదు, గ్లౌజులు లేవు. ఇక్కడ కూర్చుంటే చావే. నడవాలి. రాగ్నా ఏడుపు గొంతుతో "నేను కొమ్మలు చూస్తాను, నా వెనకే రండి, నా వెనకే" అంటూ మళ్లీ తెలుపులో కలిసిపోయింది.

తోర్గున్ చెయ్యి అప్పటికే కర్ర పట్టు దొరక్క జారిపోతోంది. రోజూ మింగే గుండె మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచీ ఆమె వేళ్లు ఇంట్లో పొయ్యి దగ్గర కూడా చల్లగానే ఉండేవి. సిగ్నీ తన ఎడమ గ్లౌజు తీసి ఆమె చేతికి తొడిగింది. మెడచుట్టూ ఉన్న ఊలు మఫ్లరు విప్పి తన చేతికి చుట్టుకుంది.

లోపల వెచ్చగా ఉంది. సిగ్నీ వేళ్ల వెచ్చదనం ఇంకా అందులోనే ఉంది. తోర్గున్‌కు ఒక్క సంగతి స్పష్టంగా తట్టింది, ఎండలో రాయి కనిపించినంత స్పష్టంగా. ఇది ఎడమ చెయ్యి. ఫిడేలు తీగలమీద ఆడేది ఈ చేతి వేళ్లే.

తెలిసే ఉంచుకుంది.

కనుమ నెత్తి దాటాక ఇచ్చేస్తాననుకుంది. నెత్తి దాటారు. దిగుడు మొదలయ్యాక ఇస్తాననుకుంది. దిగుడు మొదలైంది. ఒక కొమ్మ దగ్గర ఆగి రాగ్నా కేక కోసం చెవులు రిక్కించినప్పుడు సిగ్నీ చేతి వంక చూసింది. మఫ్లరు తడిసి, బిగుసుకుని, రేకులా తయారై, కర్ర పట్టుకున్న ప్రతిసారీ జారిపోతోంది. సిగ్నీ దాన్ని పళ్లతో మళ్లీ చుట్టుకుంటోంది. రాగ్నాను పిలిస్తే సరిపోయేది. ముగ్గురూ వంతులేసుకుంటే సరిపోయేది. పిలవాలనే అనుకుంది. కానీ పిలిస్తే గ్లౌజు తియ్యాలి. తీస్తే ఆ చలి మళ్లీ వస్తుంది, ఆ చలి వెంట ఛాతీలో పిడికిలి. వచ్చే కొమ్మ దగ్గర, అనుకుంది. ఆ కొమ్మా వచ్చింది.

సిగ్నీ ఏమీ అడగలేదు.

బిర్చి చెట్లు మొదలయ్యే చోట గాలి తగ్గింది. కిందినుంచి దీపం ఊగుతూ పైకి వస్తోంది. ఐవిన్. ఇంటికి పోయి కూడా మనసు నిలవక, ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని మళ్లీ కొండెక్కాడు. "దొరికారు, దొరికారు" అని వెనక్కి కేకేసి, ముందు తోర్గున్ దగ్గరికి ఉరికాడు. కంబళి కప్పాడు, వేడి పళ్లరసం తాగించాడు, నాడి చూశాడు. గుండెజబ్బు మనిషి కదా. అందరి దృష్టీ ఆమె మీదే ఉంది. సిగ్నీ ఒక పక్కగా మంచులో కూర్చుని ఉంది. మఫ్లరు ఊడదీస్తే ఆమె వేళ్లు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. ఒకదానికొకటి తగిలితే కర్రముక్కల చప్పుడు వచ్చింది.

"నొప్పిగా ఉందా?" అడిగింది రాగ్నా.

"లేదు," అంది సిగ్నీ. "అస్సలేమీ లేదు."

మందుల షాపు నడిపిన రాగ్నాకు ఆ మాటకు అర్థం తెలుసు. మంచులో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

తోర్గున్ గుండెకు ఏమీ కాలేదు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని పంపించేశారు. సిగ్నీ వేళ్లు నల్లబడే దాకా, బతికిందేదో చచ్చిందేదో తేలే దాకా డాక్టర్లు ఆగారు. వేసవి మొదట్లో ఎడమ చేతి మూడు వేళ్లు పై కణుపుల దాకా తీసేశారు.

ఊళ్లో జనం మాట వేరేగా ఉంది. ఎవరికి ఎంత తెలిస్తే అంత చెప్పుకున్నారు. సరుకుల కొట్లో, బ్యాంకులో, చర్చి మెట్లమీద తోర్గున్‌ను ఆపి చెయ్యి పట్టుకునేవాళ్లు. "గుండెపోటు వచ్చిన ఏడాదే తెల్లకనుమ దాటారటగా! ఆ మంచు తుఫానులో! ఏం గుండెండీ మీది!" అని నవ్వేవాళ్లు. "పాపం సిగ్నీకే అలా అయింది" అని ఆ వెంటనే నిట్టూర్చేవాళ్లు. ఆమె మొదట్లో ఏదో చెప్పబోయేది. తర్వాత్తర్వాత తలూపి వచ్చేసేది. నడివేసవి పండగ రాత్రి బడి ఆవరణలో డాన్సు పెట్టారు. ఫిడేలు వాయించడానికి పక్క లోయ నుంచి ఎవర్నో పిలిపించారు. తోర్గున్ వెళ్లలేదు. కిటికీలు మూసుకుంది. అయినా వినిపించింది.

చివరికి ఒకరోజు ధైర్యం చేసి సిగ్నీ ఇంటికి వెళ్లింది. సిగ్నీ తలుపు తీసి, "రా" అంది. కుడిచేత్తోనే కాఫీ పోసింది, కుడిచేత్తోనే జున్ను కోసింది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాచలేదు, చూపించనూ లేదు.

"సిగ్నీ, నేను వచ్చింది..."

"తెలుసు. క్షమించమనడానికి. వద్దులే. గ్లౌజు నువ్వు లాక్కోలేదు, నేనే ఇచ్చాను. నీకు మాత్రల వల్ల చేతులు చల్లబడతాయని రాగ్నా చెప్పింది."

"రాగ్నా నాతో మాట్లాడడం లేదు."

"దానికి దాని బాధ ఉంది. ఆ బెంచీ కలలోకి వస్తోందట. రోజూ వచ్చి నా కట్టు మార్చి, అంట్లు తోమి, ఏడ్చి పోతుంది." సిగ్నీ కాస్త నవ్వింది. "మరుపు పాపం కాదే అని చెబితే వినదు."

తోర్గున్ కప్పు కింద పెట్టింది. ఇన్నాళ్లుగా లోపల కెలుకుతున్నది బయటికొచ్చేసింది. "మరి నువ్వెందుకు తిరిగి అడగలేదే? ఒక్కమాట అడిగి ఉంటే ఇచ్చేసేదాన్ని కదా!"

సిగ్నీ కిటికీలోంచి బయటికి చూసింది. వాకిట్లో ఎవరిదో గొర్రె తప్పించుకొచ్చి గడ్డి మేస్తోంది.

"నువ్వే ఇస్తావని చూశాను," అంది.

తోర్గున్ కప్పు మళ్లీ అందుకుంది.

"ప్రతి కొమ్మ దగ్గరా ఆగినప్పుడు నీ వంక చూశాను. నువ్వు నా చేతి వంక చూసేదానివి. చూసి, మంచులోకి తిరిగేదానివి. మొదట్లో అనుకున్నాను, దీనికి గమనిక లేదు, గుండె బాధలో ఉంది అని. రెండుసార్లయ్యాక తెలిసింది, గమనికుందని. ఇంక అడగబుద్ధి కాలేదు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది తోర్గున్‌కు. "చలికి నా చెయ్యి మొద్దుబారింది. దాంతోపాటు ఇంకేదో కూడా మొద్దుబారిందే. నీ మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు."

"నేనేం చెయ్యను చెప్పు. నువ్వు ఏం చెయ్యమంటే అది..."

"కాఫీ చల్లారిపోతోంది, తాగు," అంది సిగ్నీ.

తాగింది. గుమ్మం దాకా సిగ్నీ సాగనంపింది. జాగ్రత్త, మెట్లు జారుతున్నాయి అంది. ఎవరితోనైనా అలాగే అనేది.

ఆ తర్వాత దారిలో ఎదురైతే పలకరించుకునేవాళ్లు. ఆరోగ్యం ఎలా ఉందని ఒకరు, చలి పెరిగిందని ఒకరు. రాగ్నా, సిగ్నీ మాత్రం ఎప్పుడూ కలిసే కనిపించేవాళ్లు. రాగ్నా ముందు నడుస్తూ మధ్యమధ్య వెనక్కి తిరిగి ఏదో గలగలా చెబుతూ ఉండేది. తోర్గున్ రోజూ సాయంత్రం బడి వెనక దీపాలు పెట్టిన చదును దారిలో, డాక్టరు చెప్పినట్టే, ఒక్కత్తీ స్కీమీద రెండు చుట్లు తిరిగి వచ్చేది. గుండె ఇప్పుడు గట్టిగా ఉందని, ఇంకో ఇరవై ఏళ్లకు ఢోకా లేదని డాక్టరు మెచ్చుకున్నాడు.

మళ్లీ ఈస్టరు వచ్చింది. ఆ ముందు వారం ఒకరోజు ఫోను మోగింది. రాగ్నా. ఏడాది తర్వాత వింటున్న గొంతు.

"మేం ఇద్దరం చెరువు చుట్టూ ఒక పూట తిరిగొద్దామనుకుంటున్నాం. కనుమ కాదు, కిందే. నిన్ను కూడా అడగమంది సిగ్నీ."

తోర్గున్ ఫోను గట్టిగా పట్టుకుంది. "నువ్వేమన్నావు?"

"అడుగుతానన్నాను. అడుగుతున్నాను."

గోడకు ఆనించిన స్కీలు కనిపిస్తున్నాయి. తను వస్తానంటే వాళ్లు రానిస్తారు. ముందు నడవమంటారు కూడా. నారింజ ఒలిచి సగం చేతిలో పెడతారు. ఆగిన ప్రతిచోటా సిగ్నీ తన వంక చూడదు. ఆ చూడకపోవడాన్ని రోజంతా మొయ్యాలి.

"నాకు ఆ రోజు వీలుపడదే," అంది.

"ఏ రోజో నేనింకా చెప్పలేదు."

"ఏ రోజైనా."

అటువైపు రాగ్నా ఊపిరి వదలడం వినిపించింది, పెద్ద మూట దింపుకున్నట్టు. "సరే అయితే," అంది. "ఒంట్లో జాగ్రత్త." ఫోను పెట్టేసింది.

ఆ 'సరే' ఎంత తేలిగ్గా వచ్చిందో తోర్గున్ విన్నది. కాస్త బతిమాలితే బాగుండునని కాదు. బతిమాలవలసి వస్తుందేమోనని రాగ్నా ఎంత భయపడి ఉంటుందో ఆ ఒక్క ఊపిరిలో అర్థమైంది. వంటింట్లోకి వెళ్లి పొయ్యిమీద నీళ్లు పెట్టి, అవి మరిగి మరిగి సగమయ్యేదాకా అక్కడే నిలబడింది.